వీథిబడి చరిత్రయు మన యువజనుల విద్యయు



మన వార్షిక మహాసభలయందు ప్రతియేటను విద్యను గూర్చి యొక తీర్మానము గావించుచున్నాము. అది కరతాళధ్వనులనడుమ ఆమోదింపబడును. పిమ్మట సంచికయందు అచ్చుపడును. మరుచటి యేడు మరల అదియే తీర్మానము సభకు వచ్చును. ఈ యేడైనను అది కార్యరూపము దాల్చవలెనన్నచో, మన పూర్వులు తమ బిడ్డలకు చదువు నెట్లు చెప్పించుకొనిరో, దానిని ఎట్లు పోగొట్టుకొనిరో, ఎవ్వరిని దానికి దూరముగా నుంచిరో మొదట తెలిసికొనవలసియున్నది. అందులకై యీ చిన్నవ్యాసమును మీ ముందుంచుచున్నాను.

మాకవరపాలెము మన్యపు కొండలకును, సముద్రతీరపు మైదానమునకును నడుమనున్న సీమలోనిది. ఒకవైపు నర్సీపట్టణము దాటి చనినచో కృష్ణదేవిపేట, చింతపల్లి మార్గమున కొండలు తగులును. మరియొకవైపు దిగినచో బెల్లపు వర్తకమునకు పేరుగాంచిన అనకాపల్లి చేరుదుము. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలోనుండిన యీ ప్రదేశము 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది. ఇట్టి సరిహద్దు సీమయందు విద్యాచరిత్ర చెప్పునపుడు మైదానపు బడిని మాత్రము స్మరించి కొండబిడ్డను విడుచుట తగదు. అట్లే పూర్వవైభవమును పొగడుచు, మన యిండ్లలోనే పదవతరగతి తప్పి, పొలమునకును పట్టణపు కూలికిని నడుమ దిక్కుతోచక నిలిచియున్న యువకుని మరచుటయు తగదు.

మన్రో దొరగారి లెక్క

తెల్లవారు వచ్చువరకు మన దేశమున చదువేలేదని కొందరు చెప్పుదురు. పూర్వము ప్రతివాడును పండితుడే యని మరికొందరు చెప్పుదురు. ఈ రెండును సత్యములు గావు. ఏలయన, సరిగా ఆ సంధికాలమునందే తీసిన లెక్క యొకటి మనకు గలదు.

చెన్నరాజధాని గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన ఒక లేఖనము వ్రాసి, ప్రతి జిల్లాలోను దేశీయ పాఠశాలలెన్ని గలవో, వానిలో చదువుకొను బాలబాలిక లెందరో, వారు ఏయే వర్గములవారో కలెక్టర్లు లెక్క పంపవలెనని యుద్దేశించెను. జిల్లాలనుండి వచ్చిన యుత్తరములను సరిచూచి 1826 మార్చి 10వ తేదీన ఆయన తన యభిప్రాయమును వెల్లడించెను. నాటి రాజధాని జనసంఖ్య 1,28,50,941. బడులు 12,498. అనగా వేయిమందికి ఇంచుమించుగా ఒక బడి. వానియందు చదువుకొనువారు 1,88,000కు పైబడిరి. జనులలో 67మందికి ఒకరు బడిలోనుండిరని మన్రో గణించెను. ఇండ్లవద్ద చదువుకొను బాలురను గూడ చేర్చినచో, బడియీడు మగపిల్లలలో మూడవవంతుమందికి ఏదోయొక చదువు లభించుచుండెనని ఆయన యూహించెను. ఈ స్థితి ఇంగ్లండునందలి స్థితికంటె తక్కువయే యైనను, అంతకు గొలదికాలము పూర్వము యూరపుదేశములలో పెక్కింటియందుండిన స్థితికంటె మెరుగేయని యాయన స్పష్టముగా వ్రాసెను.

మన విశాఖపట్టణము జిల్లానుండి పోయిన లెక్కలో తొమ్మిదివందలకు పైగా బడులును, తొమ్మిదివేలకు పైగా విద్యార్థులును గలరు. అనగా బడికి సుమారు పదిమంది చొప్పున. వీనిని ఏ సర్కారును నెలకొల్పలేదు. ఊరివారు అరుగు చూపిరి. పంతులు వచ్చి కూర్చుండెను. పిల్లల తలిదండ్రులు తమకు గలిగిన ధాన్యమో దమ్మిడీయో ఇచ్చిరి. ఇదియే వీథిబడి.

ఈ కాగితములు చిరకాలము దస్తరములయందు పడియుండెను. 1931 అక్టోబరు 20వ తేదీన గాంధీమహాత్ముడు లండనునందు ఉపన్యసించుచు, ఏబది నూరేండ్లక్రిందటికంటె నేటి హిందూదేశమునందే నిరక్షరాస్యత హెచ్చియున్నదనియు, దేశీయ విద్య యను చక్కని వృక్షమును వేళ్లు పెకలించి చూచి యట్లే విడిచిరనియు చెప్పెను. సర్ ఫిలిప్ హార్టాగ్ దీని నాక్షేపించి, ఆధారములు చూపుడని పట్టుబట్టెను. తుదకు ధర్మపాల్ అను పరిశోధకుడు మన్రోకాలపు కాగితములను వెలికిదీసి, గాంధీ పలికిన ఆ చక్కని వృక్షము పేరనే 1983లో గ్రంథముగా ప్రకటించెను. దేశీయ విద్యను గూర్చిన పరిశోధనకు అది పునాదియయ్యెను.

బడిలో ఏమి జరిగెడిది?

ఆ యుత్తరములన్నిటిలోను విపులమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసినది. తెలుగు వ్యాకరణమును నిఘంటువును గూడ రచించిన యీ దొరకు మన భాష తెలియును. కావున ఆయన చూపిన చిత్రము నమ్మదగినది.

బాలునకు అయిదవయేట అక్షరాభ్యాసము జరుపుచుండిరి. గురువును, బడిపిల్లలందరును ఆ యింటికి రాగా, విఘ్నేశ్వరపూజ చేసి, పళ్లెములోని బియ్యముపై వ్రేలు పట్టించి వ్రాయించుచుండిరి. బడి ఉదయము ఆరుగంటల కారంభమగును. మొదట వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, దూషణయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినకొలది ఒక్కొక్క దెబ్బ హెచ్చును. మన ముసలివారిలో అరచేతిని చూచుకొని నవ్వుకొనువారు నిన్నమొన్నటివరకు గలరు.

పిల్లలను తరగతులుగా విభజించి, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుట ఆ బడి ముఖ్యధర్మము. చెప్పువానికి తన పాఠము గట్టిపడును. వినువానికి తన యీడువాని మాట సులభముగా బోధపడును. ఒక్క పంతులే అందరిని కనిపెట్టుకొనియుండును. కాగితము లేదు, ఇసుకలో గుంట ఓనమాలు, పిదప పలక, ఆపై తాటాకు, గంటము. ఈ పొదుపును, ఈ పద్ధతిని క్యాంబెల్ మిక్కిలి మెచ్చుకొని, ఇంగ్లండువారు దీని ననుకరించుట సముచితమేయని వ్రాసెను. ఆ యనుకరణమును కథ కాదు. చెన్నపురి ఎగ్మూరునందలి అనాథబాలుర శరణాలయమును చూచుచుండిన ఆండ్రూ బెల్, ఇసుకలో వ్రాయు మన పిల్లలను చూచి, ఆ రీతినే తన శరణాలయమున ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి ఇంగ్లండున ఒక పుస్తకమును ప్రచురించెను. అది అచట మద్రాసు పద్ధతియను పేర వ్యాపించెను. అన్ని తరగతులవారికిని ఒక్క గురువే గల గ్రామపాఠశాలకు నేడు నూతనమార్గమని విద్యాశాస్త్రజ్ఞులు చెప్పుదానిలో సగము మన తాతల యరుగుపై నున్నదియే.

తూకమునందలి రెండవ తట్ట

ఐతే చరిత్రకారుడు త్రాసులో ఒక తట్టనే చూపరాదు. బళ్లారి జిల్లాలో నాటి జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641, వేయిమందికి ఏడుగురు మాత్రమే. ఆ 6,641మందిలో ఆడపిల్లలు 60మంది! మన యమ్మమ్మల యమ్మమ్మలు ఆ యరుగు దరికి రాలేదని యీ యొక్క యంకెయే చెప్పుచున్నది.

కులసంఘపు సంచికలో వ్రాయుచున్నాను గనుక, ఆ పట్టికలో మనవారి పేరేదియని వెదకుట సహజము. నేనును వెదకితిని. మన కులము పేరు అందు వేరుగా లేదు. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులములవారు, మహమ్మదీయులు అను గడులు మాత్రమే గలవు. మనలను ఏ గడిలో వ్రాసిరో మీరే యూహింపుడు. అరవజిల్లాలలో శూద్రులును ఇతర కులములవారును బడిపిల్లలలో అధికసంఖ్యాకులై యుండగా, తెలుగుజిల్లాలలో వారి పాలు అంతకు మిక్కిలి తక్కువగా నుండెను. వీథిబడి అగ్రకులములకే పరిమితమన్న మాట ఎంత యసత్యమో, అందరికిని సమముగా తెరచియుండెనన్న మాటయు అంత యసత్యము.

చెప్పినదానియందును లోపముండెను. పిల్లలు అమరమును, శతకములను, పురాణపద్యములను కంఠస్థము చేయుదురుగాని, ఆ పద్యభాష వారు మాటలాడు భాషకు దూరమగుటచే అర్థము తెలియదని క్యాంబెల్ విచారించెను. లెక్కలలో ఎక్కములు వచ్చును, ఉత్తరము వ్రాయవచ్చును. కాని చదివినది తనదిగా చేసికొనుట అరుదు.

ఇక వీథిబడి యెట్లు క్షీణించెను? క్యాంబెల్ కలెక్టరైయుండియు దాచక చెప్పిన కారణము ప్రజల దారిద్ర్యము. సీమబట్టలు వచ్చి సాలెవారి వృత్తి చెడెను. సంస్థానముల కొలువులును, సైన్యములును పోయి, సొమ్ము ఊళ్లలో తిరుగుట తగ్గెను. బిడ్డ చేతికంది రాగానే కూలికి పంపవలసిన తండ్రి, పంతులు కేమి యిచ్చును? పూర్వము బడులుండిన పెక్కుగ్రామములలో అప్పటికే బడి లేకపోయెనని యాయన వ్రాసెను. పిమ్మట 1835లో ఆంగ్లవిద్యకు సర్కారు ప్రాముఖ్యమిచ్చెను. 1854నాటి వుడ్ గారి లేఖనముతో నేటి విద్యాశాఖ యేర్పడెను. 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము వెలసెను. కొలువునకు పట్టా కావలసివచ్చెను. పట్టాలేని పంతులు బడి, కొలువులేని చదువై, కొలదిగా కనుమరుగయ్యెను.

కొండబిడ్డ మాటయు గిడుగువారి బడియు

మన్యమునందలి జనులకు ఆ వీథిబడియు లేదు. వారి యడవులపై 1882నాటి చట్టము వచ్చెను, వారి వెన్నుపై దారుల పని వచ్చెను. చదువు మాత్రము రాలేదు. వారి కష్టములే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడులుగా పరిణమించెను. 1924 మే 7వ తేదీన ఆయన నేలకొరగెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటయందున్నది. దొరతనమువారు కొండవానియొద్దకు పన్నుతోను పనితోను పోయిరిగాని పలకతో పోలేదని యా చరిత్ర చెప్పుచున్నది.

పలకతో పోయినవాడు ఒక్కడు గలడు. ఆయన మన యుత్తరాంధ్రమువాడే. గిడుగు వేంకటరామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటయందు జన్మించెను. పర్లాకిమిడి రాజాగారి పాఠశాలలో ఉపాధ్యాయుడై, చుట్టుప్రక్కల కొండలనుండి వచ్చు సవరలను చూచి, వీరికి చదువేల లేదని యోచించెను. తెలుగు నేర్పినచో చాలునని యాయన తలంపలేదు. ముందు తానే వారి భాష నేర్చెను. అందులకై సవరవానినొకని తన యింటనే యుంచుకొనెను. లిపిలేని ఆ భాషలో వాచకములు వ్రాసెను, పాటలు, కథలు సేకరించెను, తన సొమ్ముతో బడులు పెట్టెను. ఆయన సేవకు 1913లో దొరతనమువారు రావుసాహెబు బిరుదము నిచ్చిరి. 1934లో కైజర్ ఇ హింద్ పతకము వచ్చెను. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర ఆంగ్ల నిఘంటువు 1938లోను అచ్చుపడెను. 1940 జనవరి 22వ తేదీన ఆయన పరమపదించెను.

శిష్టవ్యావహారిక భాషకై పోరాడిన యీ మహనీయుని గ్రాంథికమున పొగడుచున్నానని చదువరులు నవ్వవచ్చును. నేనును నవ్వుకొనుచునే వ్రాయుచున్నాను. కాని ఆయన రెండు పనులకును మూలమొక్కటియే: బిడ్డ నోటనున్న మాటనుండి చదువు మొదలుకావలెను. క్యాంబెల్ 1823లో కనిపెట్టిన రోగమునకు గిడుగువారు మందు చెప్పిరి. ఆ మందు సర్కారుబడికి చేరుటకు దీర్ఘకాలము పట్టెను. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అను ఎనిమిది భాషలలో ప్రాథమికవిద్య నారంభించెను. గిడుగువారు గతించిన అరువదినాలుగేండ్లకు!

సర్కారుబడి కావల నడచిన బడులు

వీథిబడి పోయినపిదప సర్కారుబడియే శరణ్యమని యెల్లరును ఊరకుండలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు పూనుకొని మచిలీపట్టణమున ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిరి. అచట చదువుతోపాటు చేతిపనులను, చిత్రకళను నేర్పిరి. కొలువునకు గాక జీవితమునకు సిద్ధపరచుట వారి యాశయము.

అదేకాలమున, 1911లో, హైదరాబాదునందు భాగ్యరెడ్డివర్మగారు మన్యసంఘమును నెలకొల్పిరి. ఉర్దూ రాజభాషగానుండిన ఆ సంస్థానములో, అంటరానివారని త్రోసివేయబడిన బాలురకు వారు తెలుగున చదువు చెప్పు పాఠశాలలు నడిపిరి. వీథిబడి యెవరిని విడిచినదో వారికొరకే యీ బడులు పుట్టినవి. 1918లో అదే నగరమున రెడ్డి వసతిగృహము వెలసెను. పల్లెబిడ్డకు పట్టణమున నీడయు కూడును కల్పించినచో చదువు దానంతట నడచునని అది నిరూపించినది. కులసంఘములు చేసిన మంచిపనులను లెక్కించునపుడు వసతిగృహములే ముందు నిలుచును, సన్మానసభలు గావు.

ఇటీవలికాలమున మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర నెలకొన్న సంస్థ 1991నుండి రంగారెడ్డి జిల్లాయందు శాంతాసిన్హాగారి నాయకత్వమున మరియొక త్రోవ తీసినది. పనిలోనున్న బాలబాలికలను శిబిరములకు దెచ్చి, కొన్నినెలలు చదువు చెప్పి, వారి యీడునకు తగిన తరగతిలో చేర్చిరి. పండ్రెండేండ్ల పిల్లవానిని ఒకటవతరగతి పసిపిల్లలనడుమ కూర్చుండబెట్టినచో వాడు సిగ్గుపడి పారిపోవును. ఈ చిన్నసత్యమును గ్రహించుటయే వారి విజయమునకు మూలము. 2003లో శాంతాసిన్హాగారికి మెగసెసే పురస్కారము లభించెను. ఆ మార్గమే 2009నాటి విద్యాహక్కు చట్టమునందు చోటుచేసికొనినది. 1982లో హైదరాబాదున దేశమునందెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. 1991లో సార్వత్రిక విద్యాపీఠము వచ్చెను; పిమ్మట పదునాలుగేండ్లు నిండినవారు బడికి పోకయే పదవతరగతి పరీక్షకు కూర్చుండు వీలు కలిగెను.

ఈ సభ చేయదగిన పని

ఇప్పుడు మన యూరికి వత్తము. సంఘమునందు రెండు పక్షములున్నవని మీరెరుగుదురు. నిధిని కల్యాణమండపమునకు వినియోగింపవలెనని ఒక పక్షము. విద్యకు వినియోగింపవలెనని వేరొక పక్షము. మండపమునకు కంటికి కనుపించు గోడలున్నవి; విద్యకు లేవు. అందుచేతనే యేటేట విద్య తీర్మానముగనే మిగిలిపోవుచున్నది. నా విన్నప మిది: విద్యకు గోడలు అక్కరలేదని వీథిబడి మనకు నేర్పినది. అరుగు చాలును.

మొదటిది. మాకవరపాలెమునను పరిసర గ్రామములలోను సాయంకాలపు బడులు పెట్టుదము. బడి మానిన యువతీయువకులను సార్వత్రిక పరీక్షకు సిద్ధపరతము. మనలో కళాశాలచదువు ముగించినవారు వారమునకు రెండు సాయంకాలములు చెప్పవలెను. పదవతరగతి గడచినవారు క్రిందివారికి చెప్పవలెను. ఇది మన తాతల పద్ధతియే. దానికి అరచేతి సరస్వతి చాలును, దెబ్బలు వలదు.

రెండవది. పరిశోధన. మన గ్రామములలో అరుగుబడులు ఎచట నుండెను, ఏ పంతులు చెప్పెను, జీతము ధాన్యమా రొక్కమా, ఎవరు లోపల కూర్చుండిరి, ఎవరు వీథిలో నిలిచి వినిరి, ఈ సంగతులను తెలిసిన వృద్ధులు దినదినమునకు తగ్గిపోవుచున్నారు. ఆ యువకులచేతనే వారి మాటలను వ్రాయింపవలెను. ఇండ్ల అటకలపై తాటాకు కట్టలున్నచో చెదలపాలు గాకుండ భద్రపరుపవలెను. తన యవ్వ మాటను వ్రాసికొన్న బాలునికి చదువు పరాయిది కాదు.

మూడవది మిక్కిలి ముఖ్యము, కొందరికి రుచింపకపోవచ్చును. ఆ బడి తలుపు మన కులమువారికి మాత్రమే తెరచియుండరాదు. మన నిధితో నడచు బడిలో మన పిల్లలే చదువవలెనను మాట సహజముగా తోచును. కాని 1822నాటి పట్టికను మరల చూడుడు. మనలను పేరులేని గడిలో వ్రాసినవారిని నిందించుచు, మనము వేరొకరిని గడి వెలుపల నిలుపుదుమా? ఆడపిల్లయు, మాలమాదిగల బిడ్డయు, నర్సీపట్టణమునకు కూలికి దిగివచ్చిన కొండవాని బిడ్డయు ఆ యరుగుపైనే కూర్చుండవలెను. కొండబిడ్డకు దానిభాష తెలిసినవా డొకడు దొరకినచో గిడుగువారి ఋణము కొంత తీరును.

ఎవరి యరుగు, ఎవరి దీపము, ఏ సాయంకాలమున మొదలు అను మూడు సంగతులు మాత్రము ఈ సభ ముగియకమునుపే నిశ్చయింపవలసినదిగా కోరుచున్నాను. మా యింటి యరుగు సిద్ధముగానున్నది. మరుచటి యేటి సంచికలో ఇదే తీర్మానము గాక, ఆ బడిలో చేరినవారి సంఖ్యయు, అందు ఆడపిల్లల సంఖ్యయు అచ్చుపడుగాక!